మన ఊరి కుర్రాడు మన జట్టుకు రావాలని

అమెరికా ఫుట్‌బాల్ ఆటలు ఫిబ్రవరిలోనే ముగిసిపోతాయి. కానీ ఓడిన జట్టును ప్రేమించేవాళ్ళకు పండుగ వచ్చేది ఏప్రిల్ నెలాఖరున. ఆ రోజుల్లో మైదానంలో బంతి ఎగరదు. ఒక వేదిక, ఒక మైకు, చీటీ మీద రాసిన ఒక పేరు, అంతే. కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్ళను 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అదే డ్రాఫ్ట్. మొత్తం ఏడు రౌండ్లు. గడిచిన సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు.

ఐపీఎల్ వేలం చూసినవాళ్ళకు ఇది కొంచెం వింతగా ఉంటుంది. అక్కడ డబ్బు మాట్లాడుతుంది. ఇక్కడ వంతు మాట్లాడుతుంది. 1930లలో మంచి కుర్రాళ్ళంతా నాలుగు పెద్ద జట్లకే పోతుంటే, ఎప్పుడూ ఓడిపోయే ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ ఈ పద్ధతి పెడదామని మిగతా యజమానులను ఒప్పించాడు. 1936లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. ఓడినవాడిని ముందుగా పిలిచి "నీకు ఎవరు కావాలి?" అని అడిగే పద్ధతి ఒక ఆటలో ఉందని తెలిసిన రోజునే నాకు ఆ ఆట మీద మనసు పడింది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, చేత్తోనే పట్టుకుని పరుగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరేమిటన్న అనుమానం ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

నేను ఫ్రీమాంట్ వచ్చింది 2004లో. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు. అటువైపు ఫార్టీనైనర్స్, ఎరుపు, బంగారు రంగులు. అందరూ నైనర్స్ అనే అంటారు. ఇటువైపు ఓక్లాండ్ రైడర్స్, వెండి, నలుపు, ఆడేది కొలీజియం మైదానంలో. ఫ్రీమాంట్ ఇటు ఒడ్డున ఉన్నా, నా ఆఫీసు మాత్రం శాంటాక్లారాలో, నైనర్స్ సాధన చేసే మైదానానికి దగ్గర్లోనే. ఆట శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ స్టేడియంలో, సాధన మాత్రం మా ఆఫీసు పక్క వీధిలో. మధ్యాహ్నం భోజనం తర్వాత నడకకు వెళ్తే కంచె అవతలి నుంచి ఈలలు వినిపించేవి.

ఇంటి పక్షాన రైడర్స్. అంటే మా బావగారి పక్షాన. పెద్దక్కయ్యను చేసుకున్న ఆయన 1995లో ఉద్యోగానికి ఓక్లాండ్ వచ్చారు. లాస్ ఏంజెలస్‌కు వెళ్ళిపోయిన రైడర్స్ పదమూడేళ్ళ తర్వాత ఓక్లాండ్‌కు తిరిగొచ్చింది కూడా ఆ ఏడాదే. "ఆ జట్టూ నేనూ ఒకేసారి ఈ ఊళ్ళో దిగాం. ఇంకో జట్టును ఎలా చూస్తాను చెప్పు?" అనేవారు. పరాయి ఊళ్ళో మొదటి చలికాలంలో ఆయనను ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకున్నవాళ్ళు రైడర్స్ అభిమానులేనట. ఆ కృతజ్ఞత ఆయనకు ఇప్పటికీ ఉంది.

ఈ రెండు జట్ల అభిమానులకు పొసగదు. 2011 ఆగస్టులో ఇద్దరికీ జరిగిన సన్నాహక ఆటలో కొట్లాటలు, ఆట ముగిశాక పార్కింగ్ స్థలంలో కాల్పులు జరిగి, ఏటా జరిగే ఆ పోటీనే ఆపేశారు. నాకు మాత్రం రెండూ కావాలి. ఒకటి నన్ను పోషించే ఊరి జట్టు, ఇంకొకటి నేను అన్నం తినే ఇంటి జట్టు. సీజన్‌లో రెండింటినీ ప్రేమించడం కష్టమేమో గానీ, డ్రాఫ్ట్ రోజున అడ్డేమీ లేదు. ఆ రోజున ఎవరూ ఎవరినీ ఓడించరు.

పైగా ఆ కాలంలో రెండు జట్లూ పాతాళంలో ఉండేవి. రైడర్స్ 2003 జనవరిలో సూపర్ బౌల్ అనే తుది పోటీ దాకా వెళ్ళి ఓడిపోయాక పదమూడు సీజన్లు వరుసగా ఓటములను మించి గెలుపులు చూడలేదు. నైనర్స్ కూడా 2003 నుంచి 2010 వరకూ అదే దారి. గెలుపులు లేని ఇంట్లో డ్రాఫ్ట్ ఎంత పెద్ద పండుగో గెలిచే ఊళ్ళవాళ్ళకు తెలియదు. 2009 దాకా అది శని, ఆదివారాల్లో జరిగేది. మొదట్లో న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండుకు మొదలయ్యేది, అంటే మాకు ఉదయం తొమ్మిది. అక్కయ్య పెసరట్టు పిండి ముందు రాత్రే రుబ్బి పెట్టేది. మొదటి రౌండులో ఒక్కో జట్టుకు పదిహేను నిమిషాల గడువు ఉండేది కాబట్టి, రెండు పేర్ల మధ్య రెండు పెసరట్లు, ఉప్మా తీరిగ్గా తినవచ్చు. 2008లో గడువు పది నిమిషాలకు తగ్గించి, మొదలయ్యే సమయాన్ని కూడా మాకు మధ్యాహ్నమయ్యే వేళకు జరిపారు. 2010 నుంచి మొదటి రౌండును గురువారం రాత్రికి మార్చారు. టీవీవాళ్ళకు అది లాభమే. మా ఇంట్లో మాత్రం ఆ పెసరట్ల ఉదయం ఇక తిరిగి రాలేదు.

బావగారి దగ్గర పొడవాటి గీతల పుస్తకం ఒకటి ఉండేది, మన కిరాణా కొట్లలో పద్దులు రాసుకునేలాంటిది. తెనాలి నుంచి తెచ్చుకున్నదే. ఎడమ పేజీలో నల్ల సిరాతో రైడర్స్, కుడి పేజీలో ఎర్ర సిరాతో నైనర్స్. కుడి పేజీ నేను వచ్చాక నా కోసం మొదలుపెట్టారు. ఒక్కో వరుసలో వంతు సంఖ్య, కుర్రాడి పేరు, కాలేజీ, ఎత్తు, బరువు, సొంత ఊరు. చివర ఒక గడి ఖాళీగా వదిలేవారు. మూడేళ్ళు గడిచాక ఆ గడిలో ఒక్క మాట రాసేవారు: "నిలిచాడు" అనో, "నిలవలేదు" అనో. తీర్పు అంతకుముందు చెప్పేవారు కాదు. "కుర్రాడికి ఇరవై ఒకటో ఇరవై రెండో. మూడేళ్ళయినా ఇవ్వకుండా ఏమంటాం?" అనేవారు.

నా చూపు ఎప్పుడూ "సొంత ఊరు" గడి మీదే ఉండేది. మన చుట్టుపక్కల బడుల్లో ఆడి, మన జట్టు జెండా గోడకు అంటించుకుని పెరిగిన కుర్రాడు మన జట్టుకే రావాలి. డ్రాఫ్ట్‌లో నా ఆశంతా అదే. వంతులు, కొలతలు, పరుగు వేగాలు అన్నీ దాని తర్వాతే.

ఆ ఆశ పుట్టింది 2005లో. నైనర్స్ ఆ ముందు సీజన్‌లో పదహారు ఆటల్లో రెండే గెలిచి మొదటి వంతు సంపాదించుకుంది. జట్టుకు క్వార్టర్‌బ్యాక్ కావాలి. బంతి విసిరేవాడు, జట్టును నడిపేవాడు, అతను లేకపోతే మిగతా పదిమంది ఎంత గొప్పవాళ్ళయినా వ్యర్థం. ఆ ఏడాది ఇద్దరున్నారు. యూటా నుంచి అలెక్స్ స్మిత్. మన బర్క్‌లీ నుంచి ఆరన్ రాడ్జర్స్. ఉత్తర కాలిఫోర్నియాలోని చికోలో పెరిగి, పెద్ద కాలేజీలేవీ పిలవకపోతే దగ్గర్లోని చిన్న కమ్యూనిటీ కాలేజీలో ఒక ఏడాది ఆడి, అక్కడి నుంచి బర్క్‌లీకి వచ్చినవాడు. చిన్నప్పటి నుంచి నైనర్స్ అభిమాని. ఇంతకంటే ఏం కావాలి?

నైనర్స్ అలెక్స్ స్మిత్‌ను పిలిచింది. బావగారు ఎర్ర సిరాతో ఆ పేరు రాసి నా వైపు చూశారు. ఆ తర్వాత జరిగింది నా కళ్ళముందు నుంచి పోదు. పిలుపు వస్తుందని నమ్మకమున్న కుర్రాళ్ళను వేదిక వెనక ఒక గదిలో బల్లల దగ్గర కూర్చోబెడతారు. రాడ్జర్స్ ముదురు రంగు సూటు వేసుకుని కూర్చున్నాడు. జట్టు తర్వాత జట్టు వేరేవాళ్ళను పిలుస్తోంది. కెమెరా ప్రతి పిలుపు తర్వాతా అతని ముఖం మీదకే వెళ్తోంది. పక్క బల్లల దగ్గరివాళ్ళు లేచి కౌగలించుకుని వెళ్ళిపోతున్నారు. బల్లలు ఖాళీ అవుతున్నాయి. అతను నీళ్ళ సీసా తీసి తాగుతాడు, ఫోను చూసుకుంటాడు, పెదవులు బిగించి ఎటో చూస్తాడు. నాలుగు గంటలకు పైగా అలాగే. అక్కయ్య వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆ పిల్లవాణ్ణి అలా చూపించకపోతే ఏం పోయింది వీళ్ళకు?" అంది. చివరికి 24వ వంతులో గ్రీన్‌బే జట్టు పిలిచింది. మిమ్మల్ని నైనర్స్ తీసుకోనందుకు ఎంత నిరాశపడ్డారని విలేఖరులు అడిగితే, నన్ను తీసుకోనందుకు వాళ్ళు పడబోయే నిరాశంత కాదని అతను జవాబిచ్చాడు.

ఆ జవాబు తర్వాతి రోజుల్లో ఎంత నిజమైందో ఆట చూసేవాళ్ళందరికీ తెలుసు. కానీ నేను అలెక్స్ స్మిత్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అతనికి జరిగిన అన్యాయం ఎవరూ చెప్పరు. ఏడాదికో శిక్షకుడు, ఏడాదికో పద్ధతి, భుజానికి శస్త్రచికిత్స, సొంత మైదానంలోనే గేలి. అన్నీ భరించి నిలబడ్డాడు. 2012 జనవరిలో క్యాండిల్‌స్టిక్‌లో న్యూ ఆర్లీన్స్ మీద ఆట ముగియడానికి తొమ్మిది సెకన్లు ఉందనగా అతను విసిరిన బంతిని వెర్నన్ డేవిస్ పట్టుకున్నాడు. 36-32. బావగారు పుస్తకం తెరిచి 2005 పేజీలో "నిలిచాడు" అనే మాట కింద గట్టిగా గీత గీశారు. 2018లో వేరే జట్టుకు ఆడుతూ అతని కాలు విరిగింది. ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణం మీదకు వచ్చింది. పదిహేడు శస్త్రచికిత్సల తర్వాత 2020లో మళ్ళీ మైదానంలోకి దిగాడు. బర్క్‌లీ కుర్రాడి కోసం నేనెంత ఆశపడినా, ఈ మనిషిని పిలిచినందుకు నా జట్టు మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆ వెర్నన్ డేవిస్‌ను నైనర్స్ తీసుకున్నది 2006లో, ఆరో వంతులో. పేరు పిలవగానే అతను వెక్కివెక్కి ఏడ్చాడు. అక్కయ్యకు డ్రాఫ్ట్ మీద శ్రద్ధ కలిగింది ఆ రోజునుంచే. ఆమెకు ఆట నియమాలు అక్కర్లేదు. పిలుపు వచ్చిన క్షణంలో తల్లులు, అమ్మమ్మలు ఆ కొండంత కుర్రాళ్ళ మెడలు వంచి ముద్దుపెట్టుకోవడం చూడటానికి వచ్చి కూర్చునేది. "ఎన్ని చోట్ల పనిచేసి పెంచి ఉంటుందో ఆ తల్లి" అనేది. డ్రాఫ్ట్‌ను అక్కయ్యలా చూసినవాళ్ళే సరిగ్గా చూశారని నా అభిప్రాయం.

2007 రెండు జట్లకూ పెద్ద రోజు. ఈసారి మొదటి వంతు రైడర్స్‌ది. వాళ్ళు కూడా పదహారులో రెండే గెలిచారు. యజమాని ఆల్ డేవిస్‌కు దూరం విసిరే చెయ్యి, వేగంగా పరుగెత్తే కాలు అంటే ప్రాణం. లూసియానా నుంచి జమార్కస్ రసెల్‌ను పిలిచారు. బావగారు ఆ నల్ల వరుసను ఎంత ముచ్చటగా రాశారో! ఒప్పందం మీద పేచీతో ఆ కుర్రాడు సెప్టెంబరు దాకా జట్టులో చేరలేదు. మూడు సీజన్ల తర్వాత, 2010 మేలో, జట్టు అతన్ని వదిలేసింది. బావగారు ఆ గడి నింపడానికి ఆ ఏడాది దీపావళి దాకా ఆగారు. నింపేటప్పుడు కూడా, "ఒక్కడి మీద ఊరంత బరువు పెట్టారు" అన్నారే తప్ప ఇంకో మాట అనలేదు.

అదే రోజున 11వ వంతులో నైనర్స్ ప్యాట్రిక్ విల్లిస్‌ను తీసుకుంది. టెనెసీలో పేదరికంలో, తండ్రి ఇంట్లో ఉండలేని పరిస్థితుల్లో, తమ్ముళ్ళనూ చెల్లెల్నీ చూసుకుంటూ పెరిగి, చివరికి బడి శిక్షకుడి ఇంట్లో ఆశ్రయం పొందిన కుర్రాడు. మొదటి ఏడాదే లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ ట్యాకిళ్ళు చేశాడు, అంటే బంతితో వస్తున్నవాళ్ళను పట్టి పడగొట్టాడు. 2024లో మేటి ఆటగాళ్ళకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు. సొంత ఊరు గడిలో టెనెసీ అని ఉన్నా, అతను మా వాడే అయిపోయాడు. విల్లిస్ వెంటనే, 12వ వంతులో, బఫెలో పిలిచిన పేరు మార్షాన్ లించ్. ఓక్లాండ్‌లో పుట్టి, ఓక్లాండ్ టెక్ బడిలో ఆడి, బర్క్‌లీలో చదివినవాడు. దేశానికి ఆ కొసన ఉన్న బఫెలోకు పోయాడు. "అతను మన కొలీజియంలో పరుగెత్తాల్సినవాడు" అని బావగారు పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు.

ఆ అంచు మీద పెన్సిల్ పేర్లు ఏటా పెరుగుతూ వచ్చాయి. అన్నిటికంటే పై వరుసలో, నేను రాకముందే రాసిన పేరు టామ్ బ్రేడీ. శాన్ మాటియోలో పుట్టి, నాలుగేళ్ళ వయసులో 1982 జనవరి నాటి ప్రసిద్ధమైన ఆటకు తల్లిదండ్రులతో క్యాండిల్‌స్టిక్‌కు వచ్చినవాడు. 2000లో నైనర్స్ మూడో రౌండులో వేరే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. ఆ కుర్రాడు ఒక్క సీజన్ ఆటలోనూ ఆడలేదు. బ్రేడీ 199వ పేరుగా న్యూ ఇంగ్లాండ్‌కు వెళ్ళి ఆరు సూపర్ బౌల్స్ గెలిచాడు, ఏడోది ఇంకో జట్టుతో. తర్వాత స్టాన్‌ఫర్డ్ నుంచి రిచర్డ్ షెర్మన్ సియాటిల్‌కు, ఈస్ట్ పాలో ఆల్టో కుర్రాడు డవాంటే ఆడమ్స్ గ్రీన్‌బేకు, నొవాటోలో పెరిగిన జారెడ్ గాఫ్ లాస్ ఏంజెలస్‌కు. ఒక్కో పేరు రాస్తున్నప్పుడు ఒక్కో నిట్టూర్పు. మన నేల ఇంతమంది మంచి ఆటగాళ్ళను కంటుంటే, మన రెండు జట్లూ వాళ్ళను వదిలేసుకోవడం నాకు ఎప్పటికీ బాధే.

దక్కినవాళ్ళు లేకపోలేదు. 2011లో రెండో రౌండులో నైనర్స్ కోలిన్ కేపర్నిక్‌ను పిలిచింది. సెంట్రల్ వ్యాలీలోని టర్లాక్‌లో పెరిగినవాడు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అతను రాసిన ఉత్తరం ఒకటి తర్వాత పత్రికల్లో వచ్చింది. పెద్దయ్యాక నైనర్స్‌కో గ్రీన్‌బేకో ఆడతానని అందులో రాశాడు. పుట్టింది గ్రీన్‌బే ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో కాబట్టి చిన్నప్పుడు ఆ జట్టు అభిమాని. నైనర్స్ అభిమాని గ్రీన్‌బేకు, గ్రీన్‌బే అభిమాని నైనర్స్‌కు! 2013 జనవరిలో ఆ ఇద్దరూ క్యాండిల్‌స్టిక్‌లో ఎదురుపడ్డారు. కేపర్నిక్ బంతి పట్టుకుని 181 గజాలు పరుగెత్తాడు. రాడ్జర్స్ ఓడిపోయాడు. ఆ ఒక్కసారే కాదు, గ్రీన్‌బేకు ఆడినన్నాళ్ళూ ప్లేఆఫ్స్‌లో నైనర్స్ మీద నాలుగుసార్లు తలపడి ఒక్కసారీ గెలవలేకపోయాడు. నేను సంతోషించాను, నిజమే. కానీ ప్రతిసారీ అతను తల వంచుకుని మైదానం దాటుతుంటే, ఆ ఖాళీ బల్లల మధ్య కూర్చున్న కుర్రాడే గుర్తుకొచ్చేవాడు.

బావగారి వంతు 2014లో వచ్చింది. ఐదో వంతులో ఖలీల్ మాక్, రెండో రౌండులో డెరెక్ కార్. కార్ పుట్టింది కాలిఫోర్నియాలోనే. చదివింది ఫ్రెస్నోలో. ఓక్లాండ్‌కు మూడు గంటల దారి. ఆయనకు అది చాలు. రెండేళ్ళలో జట్టు లేచి నిలబడింది. 2016లో పదహారులో పన్నెండు గెలిచారు. క్రిస్మస్ ముందు రోజు కార్ కాలు విరిగింది. ఆ ఏడాది ఆశ అక్కడితో ముగిసింది. 2017 మార్చిలో జట్టును లాస్ వేగస్‌కు తరలించడానికి లీగ్ యజమానులు 31-1 ఓట్లతో ఒప్పుకున్నారు. కార్ కాలు అతికింది గానీ, ఓక్లాండ్‌కు తగిలిన ఆ దెబ్బకు మందు లేకపోయింది.

ఆ తర్వాత మూడు డ్రాఫ్టులు ఎలా చూశామో మాటల్లో చెప్పడం కష్టం. పేరు చదివేవాళ్ళు "ఓక్లాండ్ రైడర్స్" అనే అంటారు. కానీ పిలిచిన కుర్రాడు ఆడి పెద్దవాడయ్యేది ఓక్లాండ్‌లో కాదు. 2017 డ్రాఫ్ట్‌కు ఒక్కరోజు ముందు, ఆట మానేసి ఇంట్లో ఉన్న మార్షాన్ లించ్‌ను రైడర్స్ సియాటిల్ నుంచి తెచ్చుకుంది. ఊరు విడిచి వెళ్ళేలోపు సొంత ఊరి కుర్రాడు సొంత మైదానంలో దిగాడు. ఆ సెప్టెంబరులో కొలీజియంలో జరిగిన మొదటి ఆటలో గెలుపు ఖాయమయ్యాక లించ్ గీత పక్కన నిలబడి తల ఊపుతూ నాట్యం చేశాడు. బావగారు 2007 పేజీ తీసి, అంచున ఉన్న పెన్సిల్ పేరును నల్ల సిరాతో దిద్దారు. పదేళ్ళు ఆలస్యంగా వచ్చిందా వంతు.

2019 ఏప్రిల్‌లో, ఓక్లాండ్ పేరు మీద చివరి డ్రాఫ్ట్‌లో, రైడర్స్‌కు మొదటి రౌండులోనే మూడు వంతులున్నాయి. ఆయన ముగ్గురి పేర్లూ, నాలుగో రౌండులో పిలిచిన మాక్స్ క్రాస్బీ పేరూ, అంతా పూర్వంలాగే రాశారు. ఎత్తు, బరువు, ఊరు. "బావగారూ, వీళ్ళు వచ్చే ఏడాది వెళ్ళిపోతారు కదా" అన్నాను. "వెళ్ళేది జట్టు. కుర్రాళ్ళేం చేశారు? వాళ్ళకు మూడేళ్ళు ఇవ్వాలా వద్దా?" అన్నారు. ఆ డిసెంబరు 15న కొలీజియంలో చివరి ఆటకు ఇద్దరం వెళ్ళాం. జాక్సన్‌విల్ 20-16తో గెలిచింది. జనం కోపంతో అరుస్తున్నారు, చేతికి దొరికినవి విసురుతున్నారు. బావగారు ఎవరినీ ఏమీ అనకుండా, పక్క సీట్లోని ముసలాయనతో చాలాసేపు మాట్లాడారు. ఆయన 1960లలో తండ్రితో వచ్చినవాడట. ఆ మాటల్లో సగం పాత డ్రాఫ్టుల గురించే.

క్రాస్బీ అందరికంటే బాగా నిలిచాడు.

నైనర్స్ వైపు చెప్పాలంటే, మొదటి రౌండు ఎంత మోసం చేస్తుందో, చివరి రౌండు ఎంత దయగా ఉంటుందో ఈ ఊరికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జో మోంటానా 1979లో 82వ పేరు. జార్జ్ కిటిల్ 2017లో ఐదో రౌండు. 2021లో జట్టు మూడో వంతు కోసం తన 12వ వంతుతో పాటు తర్వాతి రెండేళ్ళ మొదటి రౌండు వంతులు కూడా ఇచ్చేసి ట్రే లాన్స్‌ను తెచ్చుకుంది. గాయాలతో ఆ కుర్రాడు నైనర్స్‌కు నాలుగు ఆటల్లోనే మొదటి నుంచి ఆడగలిగాడు. ఆ మరుసటి ఏడాది, 2022లో, 262వ పేరుగా, మొత్తం డ్రాఫ్ట్‌లో ఆఖరివాడిగా బ్రాక్ పర్డీని పిలిచింది. ఆఖరివాడికి ఒక చిన్న బిరుదు, ఒక ఉత్సవం ఉంటాయి, 1976 నుంచి ఆనవాయితీ. సాధారణంగా ఆ ఉత్సవంతోనే ఆ పేరు వినిపించడం ఆగిపోతుంది. శనివారం మధ్యాహ్నం, టీవీ ముందు బావగారు, నేను తప్ప ఎవరూ లేరు. ఆయన ఎర్ర సిరాతో పేరు రాసి, "ఆఖరి వరుస కూడా అదే పొడుగు" అన్నారు. డిసెంబరుకల్లా మిగతా క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడి పర్డీ జట్టును నడిపాడు. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. ఆ ఆట జరిగింది లాస్ వేగస్‌లో, రైడర్స్ కొత్త స్టేడియంలో. అదనపు సమయంలో 25-22తో ఓడిపోయాం. నాకు ఓటమి బాధ. బావగారికి ఆ స్టేడియం చూడటమే బాధ.

రెండు నెలల తర్వాత, ఏప్రిల్ 25న, డెట్రాయిట్‌లో 2024 డ్రాఫ్ట్. 13వ వంతు రైడర్స్‌ది. పిలిచిన పేరు బ్రాక్ బవర్స్. కాలేజీ జార్జియా అని తెర మీద పడింది. సొంత ఊరు నాపా. ద్రాక్షతోటల నాపా, ఇక్కడి నుంచి గంటన్నర కూడా పట్టదు. నాపా హైస్కూల్లో ఆడినవాడు. బావగారు కళ్ళజోడు సవరించుకుని తెరను ఇంకోసారి చదివారు. అక్కయ్య "నాపానా? మన నాపానా?" అని రెండుసార్లు అడిగింది. ఆ కుర్రాడు మొదటి సీజన్‌లోనే 112 బంతులు పట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన ఆటగాళ్ళలో అంతకుముందు ఎవరూ అన్ని పట్టలేదు.

"మన ఊరి కుర్రాడు మన జట్టుకు రావాలని నువ్వు ఎన్నేళ్ళుగా అంటున్నావో, వచ్చాడు చూడు" అని ఆ రాత్రి బావగారు నాతో అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు, ఇప్పటికీ పడటం లేదు. ఆ సెప్టెంబరులో ఓక్లాండ్ బేస్‌బాల్ జట్టు కూడా కొలీజియంలో చివరి ఆట ఆడి వెళ్ళిపోయింది. బాస్కెట్‌బాల్ జట్టు 2019లోనే వంతెన దాటి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. నాపా నుంచి బవర్స్ తల్లిదండ్రులు, బడి స్నేహితులు, బడి శిక్షకుడు ఆదివారం పొద్దున్నే కారెక్కి గంటలో చేరుకోవాల్సిన మైదానం ఓక్లాండ్‌లో ఉంది, దాని జట్టు ఎడారిలో ఉంది. బావగారితో ఈ మాటే అన్నాను. ఆయన వాదించలేదు. పుస్తకం నా ముందుకు జరిపి, "నైనర్స్‌కు ఈసారి ముందు వరుసలో బరువైనవాళ్ళు కావాలి, రెండో రౌండుకు ఎవరుంటారో చూడు, ఇంకా వంతులున్నాయి" అన్నారు. మేమిద్దరం మిగిలిన పేర్ల జాబితా తీసుకుని, ఇంటి ఊళ్ళు చూసుకుంటూ, శాక్రమెంటో నుంచి సాలినాస్ దాకా ఉన్న కుర్రాళ్ళందరి కిందా గీతలు గీస్తూ కూర్చున్నాం.